కిరణానికి పెట్టిన పరీక్ష

క్యాన్సర్ అని తేలిన ఇంట్లో డాక్టరు చెప్పిన వాటిలో అందరికీ గుర్తుండిపోయేది కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలన్న మాట. ఆ వెంటనే వాకబు మొదలవుతుంది. ఏ ఆసుపత్రిలో కొత్త మిషనుంది, ఏది ఎక్కువ పవరుది, అప్పు చేసైనా అక్కడికే పోదామా? నిజాంసాగర్ పక్కనున్న మహమ్మద్‌నగర్ నుంచి బయలుదేరే కుటుంబమైనా, హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న కుటుంబమైనా వాకబు తీరు ఒక్కటే. దాని వెనకున్న నమ్మకమూ ఒక్కటే: కిరణం ఎంత కొత్తదైతే, ఎంత బలమైనదైతే రోగం అంత బాగా నయమవుతుందని. ఈ నమ్మకం పామరులది మాత్రమే కాదు. ఇరవయ్యో శతాబ్దంలో పేరుమోసిన భౌతికశాస్త్రవేత్తలు దీన్నే నమ్మి, పరమాణువులను ఛేదించే మహాయంత్రాల చివర రోగుల గదులు కట్టించారు. ఆ నమ్మకాన్ని ప్రయోగశాలలో ఓపికగా తూచి చూసినవారిలో ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం పక్కన పెద అమిరం గ్రామానికి చెందిన ముదుండి రామకృష్ణరాజు. రేడియేషన్ చికిత్సలో గెలుపోటములను తేల్చేది కిరణం జాతీ ఖరీదూ కావనీ, అది జీవకణంలో చేసే పనిని ఎంత నిజాయితీగా కొలిచాం, ఆ కొలతకు ఎంత కట్టుబడ్డాం అన్నదేననీ ఆయన వృత్తిజీవితం చెబుతుంది.

ముందు కిరణం ఏం చేస్తుందో చూద్దాం. ఎక్స్‌రే అయినా గామా కిరణమైనా శరీరంలో దూరినప్పుడు కణితిని కాల్చదు. చికిత్సలో ఒక రోజు ఇచ్చే మోతాదు దాదాపు 2 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలమానం). ఆ శక్తితో ఒంట్లో వేడి డిగ్రీలో వెయ్యో వంతు కూడా పెరగదు. అయినా అది ప్రాణాంతకం, ఎందుకంటే దాని దెబ్బ డీఎన్ఏ మీద పడుతుంది. ఒక్క గ్రే మోతాదుకు ఒక్కో జీవకణంలో డీఎన్ఏ రెండు పోగుల్లో ఏదో ఒకటి తెగే చోట్లు వెయ్యి దాకా ఉంటాయి, రెండు పోగులూ ఒకే దగ్గర తెగే చోట్లు నలభై దాకా ఉంటాయి. ఒక పోగు తెగితే రెండో పోగును చూసి కణం అతుకు వేసుకుంటుంది. రెండూ తెగితే అతుకు తప్పుగా పడే ప్రమాదం ఎక్కువ. అలా దెబ్బతిన్న కణం అప్పటికప్పుడే చచ్చిపోదు. విభజన చెందబోయినప్పుడు క్రోమోజోములు చిక్కుపడి కుప్పకూలుతుంది. వేగంగా విభజన చెందే కణాలకు కిరణాల దెబ్బ ఎక్కువగా తగులుతుందని ఫ్రాన్స్‌లో బెర్గోనియే, ట్రిబోండో 1906లోనే గమనించారు. అయితే కిరణాలే క్యాన్సర్ తెస్తాయి కదా, మరి అవే ఎలా మాన్పుతాయన్న అనుమానం సహజంగా వస్తుంది. అనుమానం సబబే. కిరణాలు జన్యువుల్లో మార్పులు తెస్తాయని ఈగల మీద నిరూపించినందుకే హెర్మన్ ముల్లర్‌కు 1946లో నోబెల్ వచ్చింది. కానీ చచ్చిన కణం క్యాన్సర్‌గా మారలేదు. దెబ్బ తిని, తప్పుడు అతుకుతో బతికి బయటపడిన కణంతోనే ముప్పు. కాబట్టి కణితికి నిండు మోతాదు అందాలి, పక్కనున్న మంచి కణజాలానికి వీలైనంత తక్కువ తగలాలి. రేడియేషన్ జీవశాస్త్రం నూరేళ్లుగా ఈ రెండింటి మధ్య ఎడాన్ని పెంచే పనిలోనే ఉంది.

ఆ ఎడాన్ని మొదట పెంచింది కొత్త కిరణం కాదు, క్యాలెండరు. 1920లలో పారిస్‌లో క్లాడ్ రెగో పొట్టేళ్ల వృషణాల మీద ప్రయోగాలు చేశాడు. వీర్యోత్పత్తి ఆగేంత మోతాదు ఒకేసారి ఇస్తే పై చర్మం పుండై చెడిపోయేది. దాన్నే కొన్ని రోజుల మీద విడతలుగా ఇస్తే చర్మం నిలిచింది, లోపల పని మాత్రం జరిగింది. గొంతు క్యాన్సర్ రోగులకు ఆయన సహచరుడు కూటార్ ఈ పద్ధతినే వాడాడు. అది ఎందుకు పని చేసిందో తెలియడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1956లో అమెరికాలో పక్, మార్కస్ మనిషి జీవకణాలను గాజు పళ్లేల్లో విడివిడిగా పెంచి, ఏ మోతాదుకు ఎన్ని బతికి గుంపు కడుతున్నాయో లెక్కించారు. మూడేళ్లకు ఎల్కైండ్, సట్టన్ ఇంకో అడుగు వేశారు. రెండు మోతాదుల మధ్య కొన్ని గంటల విరామమిస్తే కణాలు తమను తాము మరమ్మతు చేసుకుంటాయని చూపించారు. నేటి చికిత్స అంతా ఈ లెక్క మీదే నడుస్తోంది. ఒక విడత 2 గ్రేలకు కణితిలోని కణాల్లో సగం మిగులుతాయనుకుందాం. ముప్ఫై విడతల తర్వాత, అంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలకు, 107 కోట్ల కణాల్లో ఒక్కటి మిగులుతుంది. ఒక గ్రాము కణితిలో ఉండే కణాలు సుమారు 100 కోట్లని వైద్య గ్రంథాల లెక్క. మామూలు ఎక్స్‌రేతో చిన్న కణితులు నయం కావడం వెనక ఉన్నది ఇంత సరళమైన గణితం.

సరళమైన గణితానికి అడ్డు తగిలింది ప్రాణవాయువు. ఎక్స్‌రే వల్ల డీఎన్ఏకు కలిగిన గాయాన్ని శాశ్వతం చేసేది ఆక్సిజన్. అది లేని కణాన్ని చంపడానికి దాదాపు మూడు రెట్ల మోతాదు కావాలి. 1955లో లండన్‌లో టామ్లిన్సన్, గ్రే ఊపిరితిత్తుల కణితుల పలుచని ముక్కలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. రక్తనాళం నుంచి మిల్లీమీటరులో ఆరో వంతు దూరం దాటితే కణాలు చచ్చి పడి ఉన్నాయి. ఆ దూరానికి కాస్త ఇవతల, చావుకూ బతుకుకూ నడుమ, ఊపిరాడని కణాల పొర ఒకటి ఉంటుందని వాళ్లు ఊహించారు. నిజాంసాగర్ కాలువల కింద సాగు చేసే రైతుకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాలువ తల దగ్గర పొలం తడుస్తుంది, చివరి ఆయకట్టుకు నీరందదు. ఈ పొరే డాక్టర్లను భయపెట్టింది. లెక్క వేస్తే భయం న్యాయమే. 100 కోట్ల కణాల్లో నూటికి ఒకటి చొప్పున కోటి కణాలకు చికిత్స సాగినన్నాళ్లూ ఊపిరాడకుండానే ఉంటే, అదే ముప్ఫై విడతల తర్వాత వాటిలో దాదాపు పదివేలు మిగులుతాయి. రోగం తిరగబెట్టడానికి అన్ని అక్కర్లేదు. ప్రాణవాయువు ఉన్నా లేకున్నా ఒకేలా చంపే కిరణం కావాలన్న వెతుకులాట ఇక్కడి నుంచే ఊపందుకుంది.

అలాంటి కిరణాలు భౌతికశాస్త్రవేత్తల చేతిలో ముందే ఉన్నాయి. ఎక్స్‌రేలు దారి పొడవునా శక్తిని పలుచగా చల్లుతూ పోతాయి. న్యూట్రాన్లు, బరువైన అయాన్లు దట్టంగా గుమ్మరిస్తాయి. ఆ దెబ్బకు ప్రాణవాయువు తోడు అంతగా అక్కర్లేదు. కానీ బలమైన కిరణాన్ని తొందరపడి వాడితే ఏమవుతుందో చెప్పే పాఠం కూడా అప్పటికే రాసి ఉంది. 1938లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో రాబర్ట్ స్టోన్ న్యూట్రాన్లతో చికిత్స మొదలుపెట్టి, రెండు వందల మందికి పైగా రోగులకు ఇచ్చాడు. కణితులు కరిగాయి. కానీ కొన్నేళ్లు గడిచాక బతికున్నవారి చర్మమూ కింది కండరమూ గట్టిపడి, మానని పుండ్లు పడ్డాయి. ఫలితాలతో పోలిస్తే నష్టం మరీ ఎక్కువని, ఈ చికిత్స కొనసాగించరాదని 1948లో ఆయనే తేల్చిచెప్పాడు. తర్వాత ఏ మోతాదుకు ఎన్ని కణాలు బతుకుతాయో రేఖలు గీశాక గానీ కారణం తెలియలేదు. న్యూట్రాన్ ఎక్స్‌రే కన్నా ఎన్ని రెట్లు బలమైనదన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మోతాదును చిన్న విడతలు చేసేకొద్దీ ఆ రెట్ల సంఖ్య పెరుగుతుంది. వెంటనే కనిపించే గాయానికి ఒక అంకె, ఏళ్ల తర్వాత బయటపడే గాయానికి ఇంకో అంకె. స్టోన్ తెలియకుండానే రోగులకు అనుకున్నదాని కన్నా చాలా ఎక్కువ ఇచ్చాడు. అక్కడ తక్కువైంది కిరణానికి బలం కాదు, ఆ బలాన్ని కొలిచే జీవశాస్త్రం.

రామకృష్ణరాజు ఈ రంగంలోకి వచ్చింది సరిగ్గా ఈ సంధికాలంలో. స్వామి జ్ఞానానంద అణుభౌతిక ప్రయోగశాలను నిలబెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుని అమెరికా వెళ్లిన ఆయన, 1960లలో బర్క్‌లీలో ఛైమ్ రిచ్‌మన్ వంటివారితో కలిసి పయాన్ల మీద పని చేశారు. 1947లో సెసిల్ పావెల్ బృందం కనుగొన్న ఈ రేణువు బరువు ఎలక్ట్రానుకు 273 రెట్లు, ఆయుష్షు సెకనులో నాలుగు కోట్లో వంతు. రుణావేశమున్న పయాన్ శరీరంలో నిర్ణీత దూరం పోయి ఆగుతుంది. ఆగిన చోట కార్బన్ లేదా ఆక్సిజన్ కేంద్రకం దాన్ని లోపలికి లాక్కుని తట్టుకోలేక పేలిపోతుంది. ఆ పేలుడు తునకలు అక్కడికక్కడే దట్టంగా శక్తిని గుమ్మరిస్తాయి. ఆగే చోటు కణితి లోపల ఉండేలా చూస్తే దారిలోని మంచి కణజాలానికి తేలికపాటి దెబ్బ, కణితికి పిడుగుపాటు. 1961లో ఇంగ్లండులో ఫౌలర్, పెర్కిన్స్ ఈ ఆలోచనను లెక్కలతో ముందుకు తెచ్చాక ఆశలు ఆకాశాన్నంటాయి. కాగితం మీద ఇంతకన్నా గొప్ప కిరణం లేదు. అది నిజమో కాదో జీవకణాన్ని అడగాలి. బర్క్‌లీ యంత్రం నుంచి వచ్చే పయాన్ల ధార చాలా పలుచన, గంటల తరబడి పెట్టినా అందే మోతాదు తక్కువ. అందుకని కొద్దిపాటి రేడియేషన్‌కే ఎదుగుదల కుంటుపడే జీవిని ఎంచుకున్నారు. అది విసియా ఫాబా అనే చిక్కుడు జాతి మొలక. ప్రాణవాయువు ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి మొలకల మీద పయాన్లు పంపి, వేళ్లు ఎంత ఎదిగాయో కొలిచి చూశారు. ఆ ఫలితం 1970లో అచ్చయింది. పరమాణు కేంద్రకాలు పేలుతాయన్న మహా సిద్ధాంతం చివరికి మొలక వేరు పొడవు దగ్గర పరీక్షకు నిలబడింది.

తర్వాత ఆయన న్యూమెక్సికోలోని లాస్ అలమోస్ చేరారు. అక్కడ 1972లో పని మొదలుపెట్టిన భారీ యంత్రం దట్టమైన పయాన్ ధారను ఇవ్వగలదు. 1974 నుంచి రోగులకు చికిత్స కూడా ప్రారంభించారు. అయితే రాజు, ఆయన సహచరులు చేసిన పనుల్లో కలకాలం నిలిచేది పయాన్లకు వకాల్తా పుచ్చుకోవడం కాదు, వాటిని పోటీదారుల పక్కన నిలబెట్టడం. పయాన్లు, బరువైన అయాన్లు, మిగిలిన రేణువులు ఒక్కోటీ ఏ లోతులో ఎంత మోతాదు ఇస్తాయి, ఆ లోతులో ఎన్ని జీవకణాలు బతుకుతాయి, ప్రాణవాయువు లేనప్పుడు తేడా ఎంత, చర్మం మీద వెంటనే, తర్వాత కనిపించే గాయాలేమిటి అన్నవి ఒకే కొలబద్దతో కొలిచి, 1978లో బ్రిటిష్ రేడియాలజీ పత్రికలో వరుస వ్యాసాలుగా ప్రకటించారు. 1980లో ఆయన రాసిన బరువైన రేణువుల చికిత్స గ్రంథం ఆ రంగానికి ఆధారమైంది. ఒకే త్రాసులో తూచేసరికి పయాన్ల మెరుపు తగ్గింది. మోతాదును కణితి దగ్గర కచ్చితంగా ఆపడంలో ప్రోటాన్లు, హీలియం వంటి తేలిక రేణువులు మేలనిపించాయి. ప్రాణవాయువు లోటును దాటడంలో బరువైన అయాన్లు ముందున్నాయి. కణితి మందమంతా కవరయ్యేలా పయాన్లను పరిచేసరికి దట్టమైన దెబ్బ పలుచబడింది, అనుకున్నంత లాభం మిగల్లేదు. రోగుల ఫలితాలూ ఇదే చెప్పాయి. లాస్ అలమోస్, కెనడాలోని వాంకూవర్, స్విట్జర్లాండ్‌లోని విల్లిగెన్ మూడు చోట్లా కలిపి సుమారు 1,100 మందికి పయాన్లు ఇచ్చారు. వాంకూవర్‌లో మెదడు కణితులకూ ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ చీటీలు వేసినట్టు రోగులను రెండు జట్లు చేసి మామూలు రేడియేషన్‌తో పోల్చితే పయాన్లు మెరుగని తేలలేదు. లాస్ అలమోస్‌లో 1982లో, మిగిలిన రెండు చోట్లా 1990లలో ఆ చికిత్స ఆగిపోయింది.

అంత ఆశ ఎందుకు ఫలించలేదు? దట్టమైన దెబ్బ పలుచబడటం ఒక కారణమైతే, రెండోది ఇంకా లోతైనది. రెగో కాలం నాటి విడతల పద్ధతే ప్రాణవాయువు సమస్యను చాలావరకు తీర్చేస్తోంది. ప్రతి విడతకూ రక్తనాళానికి దగ్గరున్న కణాలు చచ్చేకొద్దీ వెనక పొరకు ఆక్సిజన్ అందడం మొదలవుతుంది, మరుసటి విడతకు అవి మామూలు కణాల్లాగే చస్తాయి. ఇందాకటి పదివేల లెక్కలో చికిత్స సాగినన్నాళ్లూ ఊపిరాడకపోతే అన్న షరతు ఉంది గుర్తుందా? చాలా కణితుల్లో ఆ షరతు నిలవదు. ఆక్సిజన్ తిరిగి చేరడం, మరమ్మతు, విభజన దశల మార్పు, మిగిలిన కణాల పునరుత్పత్తి అనే నాలుగు సంగతులను రేడియేషన్ జీవశాస్త్రవేత్త విదర్స్ 1975లో ఒక్కచోట చేర్చి చూపాడు. ఖరీదైన రేణువు తీర్చాల్సిన సమస్యలో చాలా భాగాన్ని చౌకైన క్యాలెండరు అప్పటికే తీర్చిందన్నమాట.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: అయితే పయాన్లకు పోసిన డబ్బంతా వృథాయేనా? కాదు. స్విట్జర్లాండ్ బృందం పయాన్ల ధారను కణితి ఆకారానికి తగ్గట్టు చుక్కలు చుక్కలుగా కదపడం నేర్చుకుంది. ఆ నేర్పుతోనే 1996లో ప్రోటాన్లను అదే తీరులో నడిపే యంత్రాన్ని నిలబెట్టింది, నేటి ప్రోటాన్ కేంద్రాలు నడిచేది ఆ బాటలోనే. పైగా ఒక దారి మూసుకుపోయిందని కచ్చితంగా తెలియడం కూడా జ్ఞానమే, ఆ దారిలో పోయే తర్వాతి వేలమంది రోగులకు అది రక్షణ. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: 2019లో చెన్నైలో, 2023లో నవీ ముంబై దగ్గర టాటా వారి కేంద్రంలో ప్రోటాన్ చికిత్స వచ్చింది, జపాన్‌లో 1994 నుంచి కార్బన్ అయాన్లు వాడుతున్నారు, మరి కొత్త కిరణం గొప్పది కాదని ఎలా అంటారు? అనడం లేదు. ఎదిగే పిల్లల మెదడు కణితుల్లో, కంటి లోపలి కొన్ని క్యాన్సర్లలో, పుర్రె అడుగున లేదా వెన్నును ఆనుకుని పెరిగే కణితుల్లో ప్రోటాన్ల మేలు నిజమైనది. కణితి దాటి అవతలికి మోతాదు పోదు గనుక, పిల్లలకు ముందున్న అరవై డెబ్బై ఏళ్లలో కిరణాల వల్లే మరో క్యాన్సర్ వచ్చే ముప్పు తగ్గుతుంది. ఏ కణితికి, ఏ వయసుకు ఏ కిరణమన్నది కొలిచి తేల్చిన చోట కొత్తదాన్ని అందరూ ఒప్పుకుంటారు. కొలవకుండా కొత్తది గనుక గొప్పదని ఒప్పుకోవడం దగ్గరే పేచీ. పెద్దవాళ్ల మామూలు నోటి క్యాన్సర్‌కో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కో పొలం అమ్మి ప్రోటాన్ల కోసం పరుగెత్తాల్సిన అవసరం ఆ కొలతల్లో కనబడదు.

రాజు గారి జీవితంలో తర్వాతి మలుపును చాలామంది త్యాగంగా, శాస్త్రం వదిలి సేవలోకి రావడంగా చెబుతారు. 1990లలో ఆయన అమెరికా ప్రయోగశాల నుంచి సొంత ఊరికి వచ్చి, మహాత్మాగాంధీ స్మారక వైద్య ట్రస్టు ద్వారా పెద అమిరంలో క్యాన్సర్ కేంద్రాన్ని, పల్లెల్లో రోగాన్ని ముందే పసిగట్టే పనిని చేపట్టారు. 2013లో పద్మశ్రీ వచ్చింది. త్యాగం మాట ఎలా ఉన్నా, దీన్ని శాస్త్రం వదలడమని అనుకోవడం పొరపాటు. ఇందాకటి గణితాన్నే ఇంకొంచెం పొడిగించండి. సెంటీమీటరు అడ్డుకొలత ఉన్న కణితి ఐదు సెంటీమీటర్లకు పెరిగితే దాని ఘనపరిమాణం, దాంతోపాటు కణాల సంఖ్య 125 రెట్లవుతుంది. వాటిని ఒక్కదానికి దించాలంటే మరో ఏడు విడతలు కావాలి. 60 గ్రేలు 74 అవుతాయి, ఆ మోతాదును చుట్టుపక్కల మంచి కణజాలం చాలా చోట్ల భరించలేదు. పెద్ద కణితిలో ఊపిరాడని పొరలూ ఎక్కువే. అంటే కణితిని ముందే పట్టుకుంటే, ఎడాన్ని పెంచడానికి ఏ మహాయంత్రమూ అక్కర్లేకుండానే పెంచినట్టు. పయాన్లు ఇవ్వలేకపోయిన లాభాన్ని పల్లె పరీక్ష ఇవ్వగలదు. దీనికి రుజువు మన పక్క రాష్ట్రంలోనే ఉంది. దక్కన్‌లోనే మహారాష్ట్ర ఉస్మానాబాద్ పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ల వయసున్న 1,31,746 మంది మహిళలతో జరిగిన అధ్యయనంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ కోసం ఒక్కసారి పరీక్ష చేసిన జట్టులో ఆ క్యాన్సర్ మరణాలు, పరీక్ష లేని జట్టుతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గాయి. 2009లో వెలువడిన ఆ ఫలితం కొత్త కిరణంతో వచ్చింది కాదు.

ముందే పట్టుకోవడం బాగానే ఉంది, ఇప్పటికే ముదిరినవాళ్ల సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. వాళ్లకు యంత్రం కావాల్సిందే, దగ్గర్లో కావాలి. ఇక్కడా రేడియేషన్ జీవశాస్త్రం స్పష్టంగా మాట్లాడుతుంది. చికిత్స మొదలై నాలుగు వారాలు దాటాక మిగిలిన క్యాన్సర్ కణాలు జోరుగా పెరగడం మొదలుపెడతాయని, తల, మెడ క్యాన్సర్లలో ఆ పెరుగుదలను రద్దు చేయడానికే రోజుకు 0.6 గ్రే ఖర్చవుతుందని విదర్స్ బృందం 1988లో చూపింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో మొత్తం చికిత్స ఎనిమిది వారాలు దాటితే ఆపై జాప్యమయ్యే ప్రతి రోజుకూ రోగం అదుపులోకి వచ్చే అవకాశం దాదాపు నూటికి ఒకటి చొప్పున తగ్గుతుంది. మహమ్మద్‌నగర్ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పోవాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. బీడీలు చుట్టి సంపాదించే ఇల్లాలో, కౌలు రైతో కూలి మానుకుని ఆరేడు వారాలు నగరంలో ఎక్కడుండాలి? ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు చూసుకున్నా గదికి అద్దె, తోడొచ్చినవాళ్ల తిండి చూసుకోదు. నాట్లప్పుడు ఒక వారం, పండగకు రెండు రోజులు, నోట్లో పుండ్లు పడ్డాయని ఇంకో వారం మానేస్తే కరెంటు పెట్టించుకున్నట్టే లెక్క గానీ కణాల లెక్క తప్పిపోతుంది. ఆ తప్పిపోయిన రోజులను ఎంత ఖరీదైన యంత్రమూ తిరిగి తెచ్చివ్వలేదు.

కాబట్టి ఈ వ్యాసం వాదన యంత్రాలకు వ్యతిరేకం కాదు, వరుసక్రమం గురించి. 30 ఏళ్లు దాటిన వారందరికీ నోరు, మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమం చెబుతోంది. అది కాగితం మీద నుంచి ఆశా కార్యకర్త గడప దాకా నిజంగా రావాలి. మామూలు రేడియేషన్ యంత్రాలు జిల్లాలకు దగ్గరగా, రోగులు ఉండటానికి వసతితో సహా రావాలి. ప్రోటాన్లు, కార్బన్ అయాన్లు కొలతలు చూపిన రోగులకు, ముఖ్యంగా పిల్లలకు, ఉచితంగా అందాలి. రోగి కుటుంబం డాక్టరును అడగాల్సిన ప్రశ్న కూడా మారాలి. ఏ మిషను అనే ముందు రోగం ఏ దశ, మొత్తం ఎన్ని విడతలు, ఎన్ని రోజుల్లో పూర్తి కావాలి, మధ్యలో ఆగితే ఏం చేస్తారు అని అడగాలి. ప్రపంచంలో అత్యంత ఆకర్షణీయమైన కిరణాల్లో ఒకదాన్ని ఏళ్ల తరబడి తూచిన శాస్త్రవేత్త చివరికి ఊరి ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్షలు చేయించే పనిలోకి దిగారంటే, అది మనసు మెత్తబడి తీసుకున్న నిర్ణయమని మాత్రమే చెప్పుకుంటే ఆయన సైన్సుకు అన్యాయం చేసినట్టే. ఆయన కొలతలు చూపిన దారి కూడా అదే.